గ్లాసు జరుగుతుంది

కొత్త రన్‌వే వస్తే విమానాల మోత ఎలా ఉంటుందో జనానికి ముందే వినిపించడం నా ఉద్యోగం. ఆ రోజు కాలనీ లైబ్రరీ హాల్లో వీఆర్ కళ్ళజోడు పెట్టుకున్న వాళ్ళంతా "ఓస్, ఇంతేనా!" అని నవ్వుకుంటూ లేచిపోయారు.

చివరికి టైలరమ్మ వచ్చి కూర్చుంది. మెడలో కొలతల టేపు అలాగే ఉంది. కళ్ళజోడు తగిలించి, తల వెనక పట్టీ బిగించాను. లోపల కనిపించేది ఒక మామూలు గది, కిటికీ, బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు.

"బాగుంది నాయనా, అచ్చం మా..."

దూరంగా సన్నటి హోరు మొదలైందో లేదో, ఆవిడ ఠక్కున ఆగిపోయింది. చెయ్యి చాచి గాలిలో దేన్నో గట్టిగా పట్టుకుంది. విమానం నెత్తి మీదుగా వెళ్ళిపోయేదాకా కదల్లేదు.

"...గదిలాగే ఉంది" అంది, ఆపిన చోటి నుంచే మాట అందుకుని.

"ఏం పట్టుకున్నారమ్మా?"

"గ్లాసు. అదురుకి అంచు దాకా జరిగి పడిపోతుందిగా!"

నాకు నవ్వొచ్చింది. "మా బొమ్మలో గ్లాసు జరగదమ్మా."

"అయితే దీన్ని చేసినవాళ్ళెవరూ విమానాల కింద కాపురం చెయ్యలేదన్నమాట. విప్పు నాయనా, ఊపిరాడట్లేదు."

విప్పాను. ఫారంలో ఒక్క ప్రశ్న మిగిలింది.

"ఈ కాలనీకి వచ్చి ఎన్నాళ్ళయింది?"

"పంతొమ్మిది రోజులు."

"అంతకుముందు?"

"పాత రన్‌వే పక్కన. ఇక్కడ విమానాలు రావంటే ఇల్లు మారాం." ఆవిడ గుప్పిట ఇంకా విప్పలేదు. "నిన్ననే, భయం లేకుండా గ్లాసు బల్ల అంచున పెట్టాను."