జతకు రాని రూటర్

తెర మీద ఎర్రగా మెరిసిన హెచ్చరిక చూసి నందిత చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది. హార్డ్‌వేర్ వేరు, జత కుదరదు!

గుడియాత్తం పరీక్షా కేంద్రంలో అప్పుడు పదిన్నర. రెండింటికి ఆన్‌లైన్ పరీక్ష. రెండు వందల మంది రాస్తారు. రెండు రూటర్లూ కలిసి ఒక్కటిగా పనిచేయాలి. ఒకటి చచ్చినా రెండోది పరీక్ష ఆగకుండా నడపాలి. అది కళ్లారా చూస్తేనే పరిశీలకురాలు ఉమామహేశ్వరి సంతకం పెడుతుంది.

“పన్నెండున్నర దాకా చూస్తా. ఆనక రద్దని రాసిచ్చి పోతా,” అందామె.

నందిత టార్చి వేసి రూటర్ల వెనక చీటీలు చదివింది. పాతది 90. కొత్తది 900. ఒకే కంపెనీ, ఒకే రంగు, ఒకే కొలత. లోపలి కార్డులే వేరు.

“సార్, ఇది మన మోడల్ కాదు!”

మేనేజర్ లోకనాథ్ మొహం కందిపోయింది. “వేలూరు సురేంద్రన్ మోసం చేసినాడమ్మా! అమ్ముడుపోని సరుకు మనకు అంటగట్టినాడు!”

“ముందు సరైనది తెప్పించాల సార్. ఫోన్ చెయ్యండి.”

“వాడితో నేను మాట్లాడను. నాకు రక్తం ఉడికిపోతా ఉండాది. నువ్వే అడుగు.”

నందిత స్పీకర్ పెట్టి తమిళంలో అడిగింది. సురేంద్రన్ కూడా తమిళంలోనే విసుక్కున్నాడు. “ఆర్డర్లో ఏముందో అదే పంపానమ్మా. 900 అని అంకెల్లో ఉంది.”

“దొంగ!” అరిచాడు లోకనాథ్ ఫోన్‌లోకి.

సురేంద్రన్ గొంతు పెంచాడు. “నాకు తెలుగు రాదు గానీ ఆ మాట మాత్రం తెలుసమ్మా.”

“అన్నా, కోపం వద్దు. 90 ఉందా?”

“ఒక్కటుంది. జోలార్పేట ఆయన కొనడానికి వచ్చి నా ఎదురుగానే ఉన్నాడు. తప్పు మీదని మీవాళ్లు ఒప్పుకుంటే ఆయన్ని బతిమాలి ఆపుతా, గంటలో మీ దగ్గరుంటుంది. దొంగ అనిపించుకుని మాత్రం పంపను. రెండు నిమిషాలు టైమ్.”

నందిత ఫైలు లాగింది. ఆర్డరు కింద ఆఫీసు ముద్ర ఉంది, సంతకం లేదు.

“ఎవరు రాసినారు సార్ ఇది? తప్పు మనదైతే ఒప్పుకోవాల, లేకుంటే ఆ 90 జోలార్పేటాయనకే పోతుంది!”

“నువ్వే రాసింటావు!”

“ఆ వారం నేను లీవు సార్! పరదరామిలో మా చిన్నాయన కూతురు పెళ్లి. మీరే కదా సెలవిచ్చింది!”

ఉమామహేశ్వరి పెన్ను మూత తీసింది. కిటికీ అవతల అప్పుడే గేటు ముందు జనం చేరుతున్నారు. చంకలో బిడ్డతో ఒకామె హాల్ టికెట్ చూపించి వాచ్‌మన్‌ని ఏదో అడుగుతోంది. లోకనాథ్ అటు చూసి చూపు తిప్పుకున్నాడు.

“అమ్మా, బిల్లు వేసేస్తున్నా,” అన్నాడు సురేంద్రన్.

“ఆపమనమ్మా!” లోకనాథ్ కుర్చీలో కూలబడ్డాడు. “ఆర్డరు రాసింది నేనే. మన పాత రూటర్ అమ్మిన సురేంద్రన్‌కే ఫోన్ చేసి అది ఏ మోడలని అడిగితే ‘తొణ్ణూరు, తొణ్ణూరు’ అన్నాడు. తొమ్మిది నూర్లనుకున్నా. వాళ్ల భాషలో అది తొంభై అని మీరిద్దరూ మాట్లాడుకుంటా ఉంటే ఇప్పుడర్థమయింది. తమిళం వచ్చునని అబద్ధం చెప్పి చేరినానమ్మా ఈ ఉద్యోగంలో!”