చెప్పుకునేది ఏమైనా ఉందా?

“దాన్ని ముట్టుకోకూడదు బాబాయిగారూ,” అంది గైడు అమ్మాయి.

వడ్రంగి గబుక్కున వరండాలోని బెంచీ మీద నుంచి చెయ్యి తీశాడు. తీసిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

“చెక్క కనిపిస్తే ఆయన చెయ్యి ఊరుకోదమ్మా,” అంది పక్కనున్న ఆవిడ. “మనిషి కనిపిస్తే మాత్రం నోరు ఊరుకుంటుంది.”

గైడు నవ్వింది. ఈ పూట ఆమె వెంట వచ్చింది ఈ ఇద్దరే. ఒకే టికెట్టు మీద ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఉన్న పాత కట్టడాలన్నీ చూపిస్తారు. ధాన్యం కొట్టు చూశారు. కాలువ మీది రాతి వంతెన చూశారు. సుంకం వసూలు చేసిన గేటు చూశారు. ఆఖరిది ఈ కోర్టు. పట్నంలో కొత్తది కట్టాక దీన్ని ఇలా చూడ్డానికి ఉంచారు.

“ఈ బెంచీ చూడండి. రెండు చివరలూ అరిగి నున్నగా అయిపోయాయి. నడుమ మాత్రం నిన్న చేసినట్టు లేదూ? గట్టు తగాదాలు, వాటా తగాదాలు, ఇంటి గొడవలు, ఏ కేసైనా పిలుపు వచ్చేదాకా ఇరుపక్షాలూ దీనిమీదే కూర్చోవాలి. ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. ఎడమొహం, పెడమొహం.”

“పాపం బెంచీ,” అంది ఆవిడ.

ఆమె సంచిలో ఫోను మోగింది. కూతురు. గొంతు పెద్దది కావడంతో అందరికీ వినబడింది.

“ఏం తేల్చావమ్మా? నాన్నతో వెళ్తున్నావా, ఇంటికొస్తున్నావా? పిల్లలు చంపేస్తున్నారు ఇక్కడ.”

“ఈ కోర్టు చూశాక చెప్తానన్నానా లేదా? బస్సులకి ఇంకా టైముందిలే.”

ఫోను పెట్టేసింది. వడ్రంగి నేల చూస్తున్నాడు. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

“బాబాయిగారు ఎక్కడుంటారేంటి?” అని అడిగింది గైడు.

“కాలువ లాకు దగ్గర,” అన్నాడు.

“అదే, గేటు దాటాక కనబడిందే, రాతి ఇల్లు,” అంది ఆవిడ. “లాకు కాపలావాళ్లది. మొండిగోడలుంటే ఈయన తీసుకుని బాగుచేశారట. అదీ మా అమ్మాయి చెప్తే తెలిసింది. ఈయన నాతో అన్నది ఒక్కటే ముక్క, ‘వస్తావా’ అని.”

“వెళ్లండి పిన్నిగారూ. మనవల సేవ ఎంతకాలం చేస్తారు?”

“వెళ్లొచ్చు. అక్కడ రోజంతా నేనొక్కదాన్నే వాగుతుండాలి. గోడలకి చెవులుంటాయంటారు చూడు, మా ఇంట్లో గోడకి మీసాలు కూడా ఉండేవి.”

వడ్రంగి చిన్నగా దగ్గాడు. 

లోపల హాలు చల్లగా ఉంది. ఎదురుగా ఎత్తు మీద జడ్జిగారి కుర్చీ. పక్కన చెక్క బోను. కిటికీలు మనిషికి అందనంత పైన ఉన్నాయి.

“బోనులో నిలబడ్డవాళ్లకి బయట చెట్టూ పుట్టా కనబడకూడదట,” అంది గైడు. “మనసు మాట మీదే ఉండాలని కట్టించినవాళ్లు అలా పెట్టించారు. దీన్ని ముట్టుకోవచ్చు బాబాయిగారూ, ఎక్కొచ్చు కూడా. అందరూ ఫొటోలు దిగుతారు.”

“ఎక్కండి,” అంది ఆవిడ.

“నేనా?”

“మీరే.”

ఆమె మొహంలో ఇందాకటి నవ్వు లేదు. అతను ఎక్కాడు. కటకటాల మీద అరచెయ్యి వేసి ఈ కొస నుంచి ఆ కొసకి లాగాడు.

“టేకు,” అన్నాడు. “అతుకు విడలేదు.”

“మొదలెట్టారు,” అంది ఆవిడ.

గైడుకి హుషారొచ్చింది. జడ్జిగారి కుర్చీ పక్కకి వెళ్లి నిలబడి గొంతు బరువుగా మార్చింది.

“చెప్పుకునేది ఏమైనా ఉందా?”

 వడ్రంగి కిటికీల వైపు చూశాడు. చూడ్డానికి ఏమీ లేదు. మళ్లీ ఆవిడ వైపే చూడాల్సి వచ్చింది.

“వంటింట్లో అలమర కిందికి దించాను,” అన్నాడు.

ఆవిడ తలెత్తింది.

“నీకు అందదు కదా. మన పాత ఇంట్లో ఎప్పుడూ స్టూలు ఎక్కేదానివి. ఓసారి పడ్డావు. అప్పుడే దించాల్సింది, దించలేదు.” కటకటాలు పట్టుకున్నాడు. “కాలువ వైపు కిటికీ కింద బల్ల వేశాను. ఇద్దరు కూర్చోవచ్చు. ఒక్కణ్ణే కూర్చుంటే ఒక పక్కకి ఒరిగిపోతున్నట్టుంటుంది. బల్ల ఒరగలేదు, నేనే చేశాను, నాకు తెలుసు. అయినా అలాగే ఉంటుంది.”

ఆవిడ పెదవి బిగించింది.

“నాకు మాట్లాడ్డం రాదు. నువ్వు మాట్లాడితే వినడం వచ్చు. నువ్వనుకున్నావు, నేను విననని. అన్నీ విన్నాను. పక్కింటావిడ కోడి గొడవ దగ్గర్నుంచి అన్నీ గుర్తున్నాయి. నువ్వు లేని ఇంట్లో వినడానికి ఏమీ లేదు. నువ్వు రావాలి. అంతే.”

అతని నుదుటికి చెమట పట్టింది. టేకు దూలం మోసినవాడిలా ఆయాసపడ్డాడు. గైడు తాను జడ్జినన్న సంగతే మర్చిపోయింది.

ఆవిడ కళ్లు తుడుచుకుని ఫోను తీసింది.

“ఏమే, పిల్లలకి అన్నం పెట్టెయ్. నేను నాన్నతో వెళ్తున్నా. ఆ, అవును. ఏడుస్తావేమే పిచ్చిదానా.”

తర్వాత బోను దగ్గరికొచ్చి చెయ్యి అందించింది. “దిగండి. లాకు బస్సు వెళ్లిపోతుంది.”

“భలేవారు బాబాయిగారూ!” అంది గైడు. “ఇంత ఉంచుకుని ఇన్నాళ్లూ నోరు విప్పలేదా? పిన్నిగారికి ఇప్పటికి వినే యోగం పట్టింది.”

ఆవిడ అతని చెయ్యి వదలకుండానే గైడు వైపు తిరిగింది.

“ఈ ముక్క ఆనాడు ఇదే బోనులో అనుంటే, మాకు విడాకులయ్యేవే కావమ్మా.”