మింగలేనివాడి ఎదుట

"మింగలేని మనిషి ముందు కూర్చుని తింటున్నావేంటమ్మా?" అంది శ్రీదుర్గ.

ఎదురు బెంచీ మీద ఆవిడ టిఫిన్ బాక్సులో అన్నం కలుపుతూనే ఉంది. బొమ్మిడాయిల పులుసు. బందరు ఆసుపత్రి హాలంతా ఘుమఘుమలాడింది.

తలకి స్కార్ఫ్, నల్ల కళ్ళద్దాలు, మోచేతుల దాకా గ్లౌజులు. తినడానికని కుడిచేతిది ఒక్కటే తీసింది.

శ్రీదుర్గ పక్కన ఆమె మొగుడు పున్నయ్య ఆ ముద్ద వంకే చూస్తున్నాడు. అన్నవాహికలో క్యాన్సర్. గంజి కూడా దిగడం లేదతనికి.

డాక్టర్ జీవానందం గారు రెండు మందులు చెప్పారు. రెండూ ఒంట్లోకి ఎక్కించి, గొట్టంతో లోపల లైటు వేస్తేనే పనిచేసేవి. ఒకటి తొందరగా ఒంట్లోంచి పోతుంది గానీ పైపైనే పనిచేస్తుంది. రెండోది లోతుకంటా వెళ్తుంది. కాకపోతే, ఎక్కించాక నెల పైన ఎండ పొడ తగలకూడదు, ఒళ్ళు కాలుతుంది. నీకు రెండోదే కావాలన్నారు.

"సముద్రం మీద తిరిగేవాణ్ణి. తలుపులేసుకుని కూర్చుంటే అందులోనే పోతాను. అయినా ఈ లైటు వైద్యంతో బాగుపడ్డోళ్ళని ఎవరు చూశారు?" అని మొండికేశాడు పున్నయ్య.

వద్దని చెప్పేసి వెళ్ళిపోదామనే ఇవాళ వచ్చారు.

"ఈ వయసులో స్కూటీ పిల్లల్లా ఈ షోకొకటి" అంది శ్రీదుర్గ, వినబడేలా.

"నల్లబడతానని భయంలే" అంది ఆవిడ.

"బయటికెళ్ళి తినొచ్చుగా?"

"వెళ్ళను. ఇక్కడే తింటాను."

"సిగ్గు లేదూ?"

"ఆకలుంది."

ముద్ద నమిలింది. మెడ దగ్గర స్కార్ఫ్ కిందికి లాగి, తలెత్తి మింగింది.

"చూశావా తమ్ముడూ, ఎలా దిగిందో?" అంది పున్నయ్యతో.

శ్రీదుర్గకి ఒళ్ళు మండిపోయింది. వాసనైనా పోతుందని లేచి, ఆవిడ వెనకున్న కిటికీ బార్లా తీసింది.

మధ్యాహ్నపు ఎండ ఆవిడ కుడిచేతి మీద పడింది.

ఆవిడ పళ్ళు బిగించింది. చెయ్యి మాత్రం తీయలేదు. చివరి ముద్ద కూడా పున్నయ్యని చూస్తూ తిని, మింగి, అప్పుడు చేతికి కొంగు చుట్టుకుని గబగబా వెళ్ళిపోయింది.

"ఎండ తగిలితే కరిగిపోతుంది కాబోలు, మహారాణి" అంది శ్రీదుర్గ.

గ్లౌజు బెంచీ మీదే ఉండిపోయింది. పారేద్దామని శ్రీదుర్గ చేతిలోకి తీసుకుందో లేదో, డాక్టరు గారు పిలిచారు.

పున్నయ్య కుర్చీలో కూర్చుంటూనే అన్నాడు. "రెండో మందే ఎక్కించండి."

"అదేంటి మావా?"

"నెల కాదు, ఏడాదైనా తలుపులేసుకుని కూర్చుంటా. పులుసన్నం తినకుండా చావను."

డాక్టరు గారు నవ్వారు. "అయితే కనకదుర్గ గారు వచ్చిన పని చేసుకునే వెళ్ళారన్నమాట."

"ఎవరండీ?" అంది శ్రీదుర్గ.

ఆమె చేతిలో గ్లౌజు చూసి ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఇది లేకుండా వెళ్ళారా ఎండలోకి?"

శ్రీదుర్గ తలూపింది.

"ఆవిడదీ మీ ఆయన జబ్బేనమ్మా. అదే మందు ఎక్కించుకుని ఇంకా నెల కూడా కాలేదు. గడప దాటొద్దు, ఈయనకి ఫోన్లో ధైర్యం చెప్పండి చాలంటే, 'మాటలు ఎవరు నమ్ముతారండీ, ఆయన ఎదుట కూర్చుని అన్నం తిని చూపిస్తాను' అని మోపిదేవి నుంచి వచ్చారు."