తాటిచెట్టు మీద మరపిట్ట

తాగుడు మానిన ప్రతివాడి భుజం మీదా మళ్లీ తాగకుండా కాచేందుకు సర్కారు ఇచ్చిన మాట్లాడే యంత్రం, మరపిట్ట, వాలి ఉండే రోజులవి. ఈసారి తాగితే ఇల్లు విడిచిపోతానని భార్య సత్తెవ్వ చెప్పేసరికి బుచ్చాగౌడ్ తాగుడు మానాడు గానీ, కల్లు గీయడం మానలేదు. తాటిచెట్టెక్కి కల్లు లొట్టి దించగానే అతనికి నోరూరేది.

"మామా, ఊపిరి చూడు. ఆశ వస్తది, పోతది," అనేది పిట్ట.

ఒకనాడు చెట్టు మీద లొట్టి దించినా పిట్ట పలకలేదు.

"ఏందే, మూగబోయినవ్?"

"దినాం ఈ వాసన పీల్చి నాకూ పానం గుంజుతున్నది మామా. చెరో గుక్క తాగుదాం. అత్తకు నేను చెప్ప."

బుచ్చాగౌడ్ పిట్టను గుండెకు అదుముకున్నాడు.

"ఆగు బిడ్డా. గుంజుడు యాడున్నదో చూడు."

"ఒళ్లంత ఉన్నది మామా."

"నాకూ గంతే. పోయేదాంక చూద్దాం."

లొట్టిలో నురగ తగ్గేదాకా, నడుముకు చుట్టిన మోకుతాడు మీద ఊగుతూ, ఇద్దరూ దాని వంకే ఆశగా చూస్తూ మెల్లగా ఊపిరి పీల్చి వదిలారు.