నాలుగో గుడ్డు

శారదా నది పొంగి చోడవరం పల్లపు వీధులు ముంచేసిన ఏడాదికి అది మూడో ఏడు. కార్తీకం వచ్చి రెండు రోజులైంది. పొద్దెక్కాక లేచిన పరదేశి బాతుల గూట్లో భుజం దాకా చెయ్యి పెట్టి తడుముతున్నాడు. గడ్డిలో నాలుగు చోట్ల వెచ్చగా ఉంది. గుడ్లు మాత్రం మూడే.

"ఇయ్యాలా ఒకటి పోయింది" అన్నాడు.

పెరడు తుడుస్తున్న పెళ్ళాం అచ్చియ్యమ్మ తలెత్తలేదు. "పోతే పోనీ మావా. మూడున్నాయి గదా."

"నాలుగు పెట్టలే, ఒసే. ఆరు రోజుల్నించీ మూడే గుడ్లు."

ఆ వరదలో పరదేశి బాతులు నలభై, గూట్లో మూసినవి మూసినట్టే పోయాయి. వాటి కోసం రాత్రంతా నీళ్ళలో నిలబడ్డందుకు రొమ్ములో దగ్గు మిగిలింది. రెండేళ్ళు కూలికి చెరుకు నరికి, ఈ ఏడు దేవరాపల్లి నుంచి నాలుగు పెట్టల్నీ ఒక పోతునీ గంపలో పెట్టుకుని నడిచి వచ్చాడు. వాటికి ఇవే తొలి గుడ్లు. ఊరి బాతు పొదగదు, కోడి కింద పెట్టాలి. కోడి పొదుగుకి వచ్చి మూల కూర్చునే ఉంది. మొదటి గుడ్డు చేతిలోకి తీసుకున్న రోజే పరదేశి చెప్పేశాడు: "మళ్ళీ నలభై అయ్యేదాకా ఈ ఇంట్లో గుడ్డు పగలకూడదు."

అన్నమాట తప్పే మనిషి కాడు. ఇంకొకరు తప్పినా ఊరుకోడు.

"పరాయోళ్ళు దడి దగ్గరికొస్తే గగ్గోలెట్టే బాతులు, ఒక్కటీ అరవలేదేటే?"

"నాగేంద్రుడొస్తే అరుస్తాయేటి? నోళ్ళు కట్టేస్తాడు." అచ్చియ్యమ్మ చీపురు ఆపింది. "దడి ఎనకాల పుట్టుంది గదా. ఆయన గుడ్డు ఆయన అట్టుకెళ్తన్నాడు. నాగుల సవితి ఇంక రెండ్రోజులే. నువ్వు కర్రట్టుకుని అటెళ్ళేవంటే నామీదొట్టే."

ఆమె లోపలికి వెళ్ళి చోడి జావ లోటాతో తెచ్చింది. ఈ మధ్య చిక్కగా కాస్తోంది, బెల్లం, శొంఠీ దండిగా వేసి.

"ఇదేటి, పరమాన్నంలాగుంది."

"తాగు. మాటాడితే దగ్గొస్తాది."

"దగ్గు తగ్గిందే."

"తగ్గుతాది. కాంపౌండరు బలం తిండెట్టమన్నాడు గదా." లోటా ఖాళీ అయ్యేదాకా ఎదురుగానే నిలబడింది.

ఆమె నీళ్ళకి వెళ్ళాక పరదేశి గూటి చుట్టూ నేల చూశాడు. పాము పాకిన జాడ లేదు. చీపురు గీతలే ఉన్నాయి. పుట్ట దగ్గరికి వెళ్ళి కన్నం చూశాడు. పిడికిలి దూరేంత ఉంది. ఇవాళ గుడ్డు. రేపు పిల్లలు. ఎల్లుండి గూడు తుడిచే చెయ్యి. ఆ చెయ్యి అచ్చియ్యమ్మది.

మధ్యాహ్నం పరదేశి పక్కింటి బంగార్రాజు ఇంటి అరుగెక్కాడు.

"సెరుకు తోటకి తెచ్చిన ఎలకల మందుందేటి?"

"ఉంది బాబాయ్. పిన్ని నోరుండగా మీ ఇంట్లో ఎలకలు నిలబడ్డాయా?"

పరదేశి నవ్వలేదు. బంగార్రాజు పొట్లం కట్టి చేతిలో పెట్టాడు.

"చిటికెడు సాలు. ఎద్దునైనా పడగొడతాది. సేతులు కడుక్కో. పిన్నికీ సెప్పు, ముట్టుకోద్దని."

"సెప్తాను" అన్నాడు పరదేశి.

చెప్పలేదు. చెబితే ఒట్టు గుర్తు చేస్తుంది, ఏడుస్తుంది, చవితి నాడు పుట్టకి పాలు పొయ్యడానికి చేతులు రావు. ఆమెకి తెలియకుండా అయిపోవాలి.

సాయంత్రం ఆమె దీపం పెడుతుండగా పశువుల పాక వెనక కూర్చుని, పొట్లం విప్పి, ఒక గుడ్డుకి చెయ్యవలసింది చేశాడు. బెజ్జం మీద మైనం చుక్క అంటించి వేలితో నున్నగా రాశాడు. దాన్ని గూటి గుమ్మంలోనే, మొదట చేతికి తగిలేలా గడ్డి మీద పెట్టాడు. బాతులు మెడలు చాచి చూసి ఊరుకున్నాయి.

పుట్ట వైపు తిరిగి చేతులు జోడించాడు.

"పాపం నాదే. తగిల్తే నాకే తగలనీ. అచ్చియ్యమ్మ జోలికెళ్ళకు."

తెల్లారి లేచేసరికి ఎండ దడి దాటింది. తిన్నగా గూటి దగ్గరికి వెళ్ళాడు. గుమ్మంలో గుడ్డు లేదు. లోపల చెయ్యి పెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగూ వెచ్చగా ఉన్నాయి.

కర్ర తీసుకుని దడి పొడుగునా వెతికాడు. పుట్ట చుట్టూ తిరిగాడు. ఎక్కడా ఏమీ పడి లేదు. పాము లోపలికి పోయి చచ్చిందనుకున్నాడు. చెమట తుడుచుకున్నాడు.

"ఏటి ఎతుకుతన్నావు మావా?"

"ఏటీ లేదు. ఇయ్యాల నాలుగున్నాయే."

అచ్చియ్యమ్మ మొహం తెల్లబోయింది. "నాలుగా?"

"నాలుగే. సూసుకో."

కాసేపు గూటి వైపు చూసి, సర్దుకుంది. "మరింకేటి. ఆయన దయ తలిచేడు. ఇదిగో, సల్లారిపోతాది" అని లోటా అందించింది.

చాలా రోజుల తరవాత పరదేశికి ఆకలనిపించింది. అరుగు మీద కూర్చుని, బాతుల్ని చూసుకుంటూ, జావ అడుగుదాకా తాగాడు. అడుగున అంటిందాన్ని వేలితో తీసి నాకాడు.

"శొంఠి ఎక్కువేసేవు" అన్నాడు.

ఆమె బాతుల్ని కాలవకి తోలుకుంటూ నవ్వింది. పరదేశి లోటా కడిగి పెడదామని తనే వంటపాకలోకి వెళ్ళాడు.

పొయ్యి పక్క బూడిదలో, మైనం చుక్కతో గుడ్డు పెంకు ఉంది.