బిర్యానీ స్వామి

లిఫ్టు తలుపు తెరుచుకోగానే గుప్పున బిర్యానీ వాసన వచ్చింది.

ఆ అంతస్తులోనే శ్రీనివాసరాజు ఫ్లాటు. కాసేపట్లో అక్కడ అయ్యప్ప పడిపూజ. గుమ్మం బయట నల్లబట్టల్లో నిలబడ్డ స్వాములందరూ ఒక్కసారిగా లిఫ్టు వైపు తిరిగారు.

దిగినవాడూ నల్లబట్టల్లోనే ఉన్నాడు. మెడలో మాల, నుదుట విభూతి, కాళ్లకు చెప్పులు లేవు. వీపున మాత్రం డెలివరీ సంచి.

"ప్రసన్నకుమార్ స్వామీ! మీరా?" అన్నాడు శ్రీనివాసరాజు.

"ఆయ్, నేనేనండి."

అతని ముఖం పాలిపోయింది. అయినా ఎదుటి ఫ్లాటు గంట నొక్కి, సంచిలోంచి పొట్లం తీసి ఇచ్చాడు.

"పడిపూజకి ఆలస్యమవుతుందంటే ఏంటో అనుకున్నాం. మాకూ ఓ లెగ్‌పీసు మిగిల్చారా, బిర్యానీ స్వామీ?"

శ్రీనివాసరాజు మాటకు అందరూ నవ్వారు.

గురుస్వామి సుబ్రహ్మణ్యంగారు నవ్వలేదు. రాజమండ్రిలో ఎంతోమందికి మాల వేసి, ఇరుముడి కట్టి, శబరిమల తీసుకెళ్లి తీసుకొచ్చిన మనిషి ఆయన. నియమం దగ్గర ఎవరినీ ఉపేక్షించరు.

"ఏంటిది స్వామీ?" అన్నారు.

"పగలు బట్టల కొట్లో పని చేస్తానండి. దాంతో ఇల్లు గడవట్లేదు. అందుకని సాయంత్రాలు ఇదీ. టిఫిన్లే వస్తే బాగుండునండి. ఫోన్లో ఏది చూపిస్తే అది తేవాలి. వద్దంటే పని ఆపేస్తారు."

"దీక్ష అయ్యేదాకా మానేయొచ్చు కదా!"

"కొండకి వెళ్లే బస్సు చార్జీ కూడా ఇందులోంచేనండి." అతను చేతులు జోడించాడు. "కట్టిన పొట్లం కట్టినట్టే ఇచ్చేస్తాను స్వామీ. పనయ్యాక గోదాట్లో తలస్నానం చేశాకే పీఠానికి వస్తాను."

"గోదారిలో మునిగితే పోయే దోషమా ఇది?"

అతను జోడించిన చేతులు దించలేదు.

"రేపు పొద్దున్నే పీఠానికి రండి. మాల తీసేస్తాను."

ప్రసన్నకుమార్ అక్కడే మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు.

"అంత మాటనకండి స్వామీ. ఇది మొక్కండి. ఈ ఏడు కొండకి వస్తానని అయ్యప్పకి మాటిచ్చాను."

"ఎవరి కోసం మొక్కారు?"

అతను తలెత్తి గురుస్వామి ముఖంలోకి చూశాడు. ఏదో చెప్పబోయి ఆగాడు.

"వారు లేచి తిరుగుతున్నారండి. దేవుడు తన మాట నిలబెట్టుకున్నాడు. ఇక నిలబెట్టుకోవాల్సింది నేనే."

"మొక్కు ఎంత పెద్దదైతే నియమమూ అంత గట్టిగా ఉండాలి," అని గురుస్వామి పూజకు లోపలికి వెళ్లిపోయారు.

మర్నాడు పీఠం దగ్గర, దీపం ముందు, ఆయనే అతని మెడలోంచి మాల తీశారు. ప్రసన్నకుమార్ తల వంచుకుని నిలబడ్డాడు.

అంతవరకూ 'స్వామీ, మీరు' అని పిలిచిన నోటితోనే గురుస్వామి, "ఇంక వెళ్లవయ్యా," అన్నారు.

బిర్యానీ స్వామి అన్న పేరు మాత్రం పీఠం దాటింది. టీ బడ్డీకి పాకింది. అతను పనిచేసే కొట్టు దాకా వెళ్లింది.

ఇరుముడులు కట్టారు. శరణుఘోషతో బస్సు బయల్దేరింది.

అంతకుముందు వేసవిలోనే సుబ్రహ్మణ్యంగారికి గుండె ఆపరేషన్ అయింది. మళ్లీ కొండ ఎక్కగలనని ఆయనే అనుకోలేదు. ఎక్కారు. సన్నిధానంలో చేతులు జోడించగానే, ఎందుకో ప్రసన్నకుమార్ ముఖమే కళ్ల ముందుకు వచ్చింది.

పొట్లం మోసుకొచ్చింది చూశాను. అతని మొక్కు సంగతి పూర్తిగా విన్నానా, అనుకున్నారు.

స్వామి ఎదుట నిలబడి కూడా ఆయన మనసు కుదుటపడలేదు. అతని కోసమని ఒక అరవణ ప్రసాదం డబ్బా విడిగా కొన్నారు.

ఊళ్లో దిగగానే ఇంటికి కూడా వెళ్లకుండా బట్టల కొట్టుకి వెళ్లారు.

"మానేశాడండి," అన్నాడు కొట్టు యజమాని. "కొనడానికొచ్చిన వాళ్లు కూడా బిర్యానీ స్వామీ, బిర్యానీ స్వామీ అంటుంటే తలెత్తుకోలేకపోయాడు. పెళ్లాం పిల్లల్ని తీసుకుని ఎటో వెళ్లిపోయాడు."

"ఏ ఊరని చెప్పాడా?"

"లేదండి. నంబరు కూడా పనిచేయట్లేదు."

ఆయన డబ్బా పట్టుకుని ఇంటికి వచ్చారు.

"ఇదొక్కటీ పక్కన పెట్టారు. ఎవరికండీ?" అని అడిగింది భార్య హైమవతి.

జరిగినదంతా చెప్పారు. ఆమె వింటూ వింటూ చేతిలో పని ఆపేసింది.

"పొట్లాలు తెచ్చే అతనా? సన్నగా ఉంటాడా? ఎడమ చెంప మీద ఇంత పుట్టుమచ్చ?"

"అవును. నీకెలా తెలుసు?"

హైమవతి గోడకు చేరగిలబడింది.

"మీకు ఆపరేషన్ జరిగిన రోజు ఆస్పత్రికి ఇడ్లీ తెచ్చింది అతనేనండీ. మా తమ్ముడు ఫోన్లో ఆర్డర్ పెట్టాడు. నేను ముట్టుకోలేదు. ఇంతమందికి మాలలు వేసిన గురుస్వామికి ఈ గతేంటని అతని ముందే ఏడ్చేశాను. వెళ్లిపోకుండా పక్కన కూర్చుని, పొట్లం విప్పి నా చేతిలో పెట్టాడు. అప్పుడొక మాట అన్నాడు. ఓదార్పుకి అన్నాడేమో అనుకుని మీకు చెప్పలేదు."

"ఏమన్నాడు?"

ఆమె ఆ ప్రసాదం డబ్బాని చేతిలోకి తీసుకుంది.

"'తినండమ్మా. మీ ఆయన లేచి ఇంటికొస్తే, ఆయన చేత్తోనే మాల వేయించుకుని కొండకి వెళ్తాను' అన్నాడు."