గడ్డి మొలిచిన మట్టికుప్ప

వాగు పొంగుతోంది. ఏనుగు గట్టు వేస్తుంది గానీ దానిదొక పట్టింపు: ముందు ఎవరి వంతు మట్టి వాళ్ళు పోసి చూపించాలి. ఎలుకలు పోసిన గుప్పెడు మట్టి పోసింది పోసినట్టే వానకు కరిగిపోతోంది.

"అడవిపంది మామని అడుగుదామా?" అంది తల్లి ఎలుక.

"నోర్ముయ్! వాడొస్తే మన బొరియలే పెళ్ళగిస్తాడు," అంది ముసలి ఎలుక.

బొరియలోకి నీళ్ళు దిగాయి. పిల్లలు కీచుమంటుంటే తల్లి ఎలుక గుండె చిక్కబట్టుకుని వెళ్ళింది. పందికి బారెడు దూరంలోనే ఆగింది.

"మామా, మా వంతు మట్టి..."

పంది మూతితో పొదల వెనక్కి చూపించింది. అక్కడ గుట్టంత మట్టి.

"మీలాంటి చిన్నవాళ్ళ కోసమే పోసి ఉంచాను. ఇన్నాళ్ళూ ఒక్కరూ అడగలేదేం?"

కుప్ప మీద నిరుటి గడ్డి ఎండి, కొత్తది మొలిచింది. తల్లి ఎలుకకు నిరుటి వరదలో కొట్టుకుపోయిన పిల్లలు గుర్తొచ్చారు.